ఇడ్లీకి రాని నొప్పి హలీంకి ఎందుకొస్తుంది?

మలక్‌పేట_శ్రీను:
మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలింది. ఇడ్లీ, పెరుగన్నం తింటే ఏ గొడవా లేదు. రంజాన్‌కి పక్కింటివాళ్లు హలీం పంపితే పైన తేలే నెయ్యితో సహా తిన్నది. గంటలోపే కుడి డొక్క పట్టేసింది, నొప్పి భుజం దాకా ఎక్కింది. గ్యాసేమోనని సోడా తాగింది, తగ్గలేదు. డాక్టరు నూనె తగ్గించమన్నారే గానీ ఎందుకో చెప్పలేదు. రాయి ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా?

రిటైర్డ్_ఫిజియాలజీ_కోఠి:
రాయి ఊరికే ఉంటే నొప్పి ఉండదు శ్రీనూ, గాల్‌బ్లాడర్ అనే ఆ తిత్తి బిగిస్తేనే. హలీంలోని కొవ్వు, మాంసం అరుగుతూ చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది గాల్‌బ్లాడర్‌ను పిండుతుంది, కొవ్వు అరగడానికి సాయపడే పైత్యరసం పేగులోకి దిగాలని. ఆ దారిలో రాయి అడ్డం పడితే మీ అమ్మగారి నొప్పి. ఇడ్లీలో ఉన్నది ఎక్కువగా పిండిపదార్థం, దానికి ఈ హార్మోన్ పెద్దగా స్పందించదు. పొట్ట ఖాళీ కావడాన్ని కూడా ఇదే ఆలస్యం చేస్తుంది. హలీం తిన్న రాత్రి అన్నం సయించకపోవడానికి అదీ ఒక కారణం.

1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఈ హార్మోన్‌ను కనిపెట్టారు. నాకు మాత్రం అంతకుముందు కథే ఇష్టం. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఫిజియాలజిస్టులు ఒక కుక్క పేగు ముక్కకు నరాలన్నీ కోసేసి అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం (ప్యాంక్రియాస్) నుంచి జీర్ణరసం కారింది! నరాలు లేకుండా కబురు ఎలా వెళ్లింది? ఆ పేగు లోపొరను ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తనాళంలోకి ఎక్కిస్తే మళ్లీ కారింది. ఆ కబురు మోసుకెళ్లిన హార్మోనే సెక్రెటిన్. 'హార్మోన్' అనే మాట స్టార్లింగ్ వాడింది 1905లో. ఈ ప్రయోగం చెప్పేటప్పుడు వెనక బెంచీలు కూడా నిద్రపోయేవి కావు.

నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా, జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా ఆసుపత్రికి పరుగెత్తండి. సోడాలు వద్దు.

దిల్‌సుఖ్‌నగర్_అత్తాకోడళ్లు:
సార్, మా అత్తగారికి ఆపరేషన్‌లో తిత్తి తీసేశారు. మరి ఆ హార్మోన్ ఏం చేస్తుంది?

రిటైర్డ్_ఫిజియాలజీ_కోఠి:
దాని మిగతా పనులు దానికున్నాయమ్మా, క్లోమం నుంచి ఎంజైములు రప్పిస్తుంది. పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి దిగుతుంది. అందుకే కొందరికి కొవ్వు బాగా తింటే విరేచనాలవుతాయి.

హైటెక్‌సిటీ_ఆకలి:
మధ్యాహ్నం మీటింగులో నా కడుపు గుర్రుమంటుంది, అదీ హార్మోనేనా?

రిటైర్డ్_ఫిజియాలజీ_కోఠి:
చాలావరకు మోటిలిన్ అనే హార్మోనే. ఖాళీ కడుపున ఇంచుమించు గంటన్నర, రెండు గంటలకోసారి పేగుల్ని ఊడ్చే కదలిక మొదలుపెడుతుంది. టెన్షన్ వద్దు, టిఫిన్ తిని వెళ్లు.

మలక్‌పేట_శ్రీను:
థాంక్యూ సార్. అమ్మ మరగ్ (మటన్ సూప్) తాగొచ్చా అని అడుగుతోంది.

రిటైర్డ్_ఫిజియాలజీ_కోఠి:
పైన తేలే నూనె తీసేసి రెండు గుక్కలు. అలాగని భయపడి పస్తులు పెట్టకు, తిత్తి కదలక రసం చిక్కబడుతుంది. సర్జన్‌ను మాత్రం త్వరగా కలవండి.