అట్లాస్ విరిగింది, లిగమెంట్ ఎముక ముక్కతో ఊడింది: హేలో వెస్టా, సీ1–సీ2 ఫ్యూజనా?

హైదరాబాద్‌లో వెన్నెముక గాయాలు చూసే డాక్టర్లు ఈ కేసులో హేలో వెస్ట్ (తలకు పిన్నులతో బిగించిన రింగును ఛాతీ జాకెట్టుకు కలిపి మెడను కదలనివ్వని పరికరం) వేయాలా, సీ1–సీ2 ఫ్యూజన్ (మెడలోని మొదటి రెండు ఎముకలను స్క్రూలతో కలిపి బిగించే సర్జరీ) చేయాలా, సలహా ఇవ్వగలరా? ఆటో డ్రైవరు, 38 ఏళ్లు. ఆటో బోల్తా పడి నడినెత్తి డివైడరుకు గుద్దుకుంది. సీటీలో అట్లాస్ (సీ1, మెడలో మొదటి ఎముక) ముందు, వెనక వంపులు రెండూ విరిగాయి. పక్క భాగాలు రెండు వైపులా కలిపి 8 మి.మీ. బయటికి జరిగాయి, ఏడీఐ (అట్లాస్ ముందు వంపుకూ, సీ2 నుంచి పైకి పొడుచుకొచ్చిన ఎముకకూ మధ్య ఖాళీ) 4 మి.మీ. కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. యాంజియోలో వెర్టిబ్రల్ ధమనులకు (మెడ ఎముకల గుండా మెదడుకు వెళ్లేవి) దెబ్బ లేదు.

పక్క భాగాలు జరగడం 7 మి.మీ. దాటితే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ (సీ2 పొడుచుకొచ్చిన ఎముకను అట్లాస్‌కు ఆనించి పట్టే పట్టీ) తెగినట్టేననే పాత లెక్కను ఒక్కదాన్నే నమ్మలేం, అందుకే ఎమ్మారై తీయించాం. లిగమెంట్ మధ్యలో తెగలేదు, ఎముక ముక్కతో ఊడొచ్చింది. మధ్యలో తెగితే హేలోతో అతకడం కష్టం, స్క్రూలే మేలు. ఇలా ముక్కతో ఊడితే హేలోలో చాలామందికి అతుకుతుంది. పైగా మెడ పక్కకు తిరగడంలో దాదాపు సగం సీ1–సీ2 కీలుదే. రోజంతా బండి నడిపే మనిషికి దాన్ని బిగించేయడానికి మనసొప్పడం లేదు.

12 వారాల హేలో తర్వాత తీసే ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ (మెడ ముందుకు, వెనక్కు వంచిన) ఎక్స్‌రేల్లో ఏడీఐ ఎంత దాటితే మీరు సర్జరీకి వెళ్తున్నారు? పిన్నులు 8 అంగుళ-పౌండ్లకు బిగించి, 48 గంటలకు మళ్లీ చూస్తాం. మన మే నెల ఎండల్లో చెమటకు పిన్నుల దగ్గర చీము, వెస్టు కింద పుళ్లు రాకుండా ఏం చేస్తున్నారు? ఇలాంటి గాయానికి సీ1 ఒక్కదానికే స్క్రూలు, రాడ్ వేసినవాళ్లుంటే ఫలితాలు చెప్పండి.