అరగుండు ఏ సమాసం? బ్రహ్మానందం పాత్రల పేర్ల మీద పంచాయితీ

నల్లకుంట:
బ్రహ్మానందం పాత్రల్లో ఏది గొప్పదన్న గొడవ మన బృందంలో తెగడం లేదు. ఇది భాషా బృందం కాబట్టి ఒక షరతు. "పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను" అంటే కుదరదు. పాత్ర పేరో, మాటో, ఉచ్చారణో ఎత్తి చూపించి ఓటెయ్యాలి. నా ఓటు జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' (1987) లోని అరగుండుకి. 'అర' సంఖ్యను చెప్పే మాట, 'గుండు' నామవాచకం. సంఖ్య ముందుంటే ద్విగు సమాసం. పిసినారి లక్ష్మీపతి పనివాడికి పేరు పెట్టడంలో కూడా సగమే ఇచ్చాడు. అంతకంటే ఆ పాత్ర గురించి చెప్పాల్సిందేముంది?

మలక్‌పేట:
తలమీద ఉన్నంతవరకే ద్విగువండీ. అది మనిషి పేరైతే బహువ్రీహి. అరగుండు కలవాడు అని విగ్రహవాక్యం చెప్పుకోవాలి. ముక్కంటి అంటే మూడు కళ్ళు కాదు కదా, మూడు కళ్ళున్న శివుడు. ఇదీ అంతే.

నల్లకుంట:
ఒప్పుకోవచ్చు. మరి బహువచనం ఏం చేస్తారు?

మలక్‌పేట:
అక్కడే రెండూ విడిపోతాయి. తలల లెక్కయితే 'అరగుండ్లు'. మనుషుల లెక్కయితే అరగుండ్లు అనలేం, 'అరగుండుగాళ్ళు' అనాల్సిందే. విభక్తి చూడండి, ఇంకా బాగుంటుంది. 'గుండు' చివర డు ఉంది, వినడానికి రాముడు, భీముడు లాగే ఉంది. కానీ రాముణ్ణి, భీముణ్ణి అన్నట్టు 'అరగుణ్ణి పిలువు' అనం. 'అరగుండుని పిలువు' అంటాం. క్రియ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'అరగుండు వచ్చాడు'. అంటే విభక్తికి వాడు వస్తువు, క్రియకి మనిషి. ఆ ఇంట్లో వాడి హోదా కూడా సరిగ్గా అదే.

కూకట్‌పల్లి:
సార్, అలా చూస్తే 'మన్మథుడు' (2002) లో లవంగం కూడా అంతే కదా? లవంగం వచ్చాడు, లవంగాన్ని పిలవండి.

మలక్‌పేట:
అవును. బ్రహ్మానందం అన్న అసలు పేరు కూడా అదే బాపతు. బ్రహ్మానందాన్ని, బ్రహ్మానందానికి, బ్రహ్మానందంతో. లవంగాన్ని, లవంగానికి, లవంగంతో. గోపాలం, సుబ్రహ్మణ్యం, సత్యం, అన్నిటికీ ఒకటే వరస. తెలుగులో 'అం' తో ముగిసే మగవాళ్ళ పేర్లు బోలెడు కాబట్టి లవంగం అని పిలిస్తే చెవికి ఎక్కడా తగలదు. పేరు విన్న అరక్షణం తర్వాత గానీ అది మసాలా దినుసని వెలగదు. అదే ఏలక్కాయ అని పెట్టి ఉంటే పేరులా వినపడదు, తిట్టులా వినపడుతుంది. త్రివిక్రమ్ రాసిన సినిమా అది. యాదృచ్ఛికంగా పడిన పేరని నేననుకోను.

ఉప్పల్:
పేర్లే కొలమానం అయితే నా పాయింటు వేరు. తెలుగు సినిమా వాళ్ళకి సినిమాయే ఇంటిపేరవుతుంది. షావుకారు జానకి (1950 నాటి సినిమా), సాక్షి రంగారావు (1967), శుభలేఖ సుధాకర్ (1982), అల్లరి నరేష్ (2002), వెన్నెల కిశోర్ (2005). 'నాలుగు స్తంభాలాట' (1982) తో సుత్తి అన్న మాటే వీరభద్రరావుకీ వేలుకీ ఇంటిపేరైపోయింది. అది సినిమా పేరు కూడా కాదు, విసిగించే మాటకి వాడిన పదం. మన భాషలో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టే ఇది ఇంత సులువుగా జరుగుతుంది. ముందు మాట ఏదైనా సరే, ఇంటిపేరు కుర్చీలో కూర్చోబెట్టేస్తాం. కోట శ్రీనివాసరావు ఒక్కరికే ఆ బాధ లేదు, కోట నిజంగా ఇంటిపేరే.

కన్నెగంటి బ్రహ్మానందానికి వందల సినిమాలున్నా ఏ సినిమా పేరూ ముందు తగులుకోలేదు. ఆ ఇంటిపేర్లన్నీ ఆయన పాత్రలకి తగులుకున్నాయి. 'రెడీ' (2008) లో మెక్‌డోవెల్ మూర్తి చూడండి. సీసా పేరు ఇంటిపేరైంది, పైగా మ కి మ. 'విక్రమార్కుడు' (2006) లో దువ్వ అబ్బులు ఇంకా పద్ధతైన పేరు. దువ్వ తణుకు దగ్గర ఊరు, ఊరి పేరు ఇంటిపేరవడం మనకి మామూలే. ఆ సినిమాలోనే హీరో అత్తిలి సత్తిబాబు. బ్రహ్మానందం సినిమాల్లోకి రాకముందు తెలుగు లెక్చరరుగా పనిచేసింది అత్తిలిలోనే. నా ఓటు మూర్తికి.

సనత్‌నగర్:
పేర్ల దగ్గరే ఆగిపోతే ఎలా అన్నా? మాట సంగతి చూడాలి. హైదరాబాదులో కూర్చుని ఖాన్ దాదాని వదిలేసి మాట్లాడుతున్నారు. 'మనీ' (1993) లో ఆ పాత్ర తన గురించి తాను 'ఖాన్' అనే చెప్పుకుంటుంది. నేను, నాతో అనడు. ఉత్తమ పురుషలో చెప్పాల్సింది ప్రథమ పురుషలో చెప్తే క్రియ మారుతుంది. 'నేను ఊరుకోను' అంటే మామూలు బెదిరింపు. 'ఖాన్ ఊరుకోడు' అంటే ఖాన్ ఎవరో వేరే పెద్ద మనిషి, ఈయన వాడి తరఫున వచ్చి చెప్తున్నట్టు ఉంటుంది. ఆ పెద్ద మనిషి లేడని మనకి తెలుసు. నవ్వు ఆ ఖాళీలో ఉంది.

నల్లకుంట:
ఖాన్ దాదా మాట్లాడేది హైదరాబాదీ మాటేనంటారా?

సనత్‌నగర్:
కాదు. పేరు పాతబస్తీది, నుడికారం గుంటూరు వైపుది. 'ఖ' దగ్గరే తెలిసిపోతుంది. ఉర్దూ వాళ్ళు ఖాన్ అన్నప్పుడు ఆ హల్లు గొంతులో రాసుకుంటూ బయటికొస్తుంది. తెలుగు ఖ అలా కాదు, క మీద ఊపిరి గట్టిగా వదలడమే. ఆ ఉర్దూ శబ్దానికి మన లిపిలో వేరే అక్షరం లేదు, అందుకే రాసినప్పుడు రెండూ ఒకటైపోతాయి. బ్రహ్మానందం పలికేది తెలుగు పాఠంలోని ఖ. మిమిక్రీ చేసేవాళ్ళు చాలామంది దానికి నక్కో, హౌ, కైకు తగిలిస్తారు. అప్పుడు అది ఇంకెవరో అవుతుంది. ఖాన్ దాదాని అనుకరించాలంటే యాస పెట్టకూడదు. ఖ ని వత్తి, వాక్యం చివర్న క్రియని పూర్తిగా పలికి, ఆ తర్వాత ఆగాలి. క్రియని మింగేస్తే బెదిరింపు పోతుంది, ఆగకపోతే నవ్వు పోతుంది.

దాదా సంగతి కూడా చెప్పాలి. ఉర్దూలో అది తాత, నాన్నకి నాన్న. బొంబాయి వీధుల్లో పేటరౌడీ అయింది. తెలుగులోకి రెండో అర్థమే దిగుమతైంది. పాతబస్తీలో చిన్న పిల్లాడు 'దాదా' అని పిలిస్తే ఎవరూ పారిపోరు.

కూకట్‌పల్లి:
అన్నా, శాల్తీ అన్న మాటని మా వయసు వాళ్ళకి గుర్తు చేసింది కూడా ఆ పాత్రే. అసలు అర్థం ఏంటి?

మలక్‌పేట:
మనిషి, ఆసామీ. కాస్త తేలిగ్గా, వెటకారంగా అనడానికి వాడతారు. సామాను లెక్కలో కూడా ఉంది. ఎన్ని శాల్తీలు అంటే ఎన్ని మూటలు, ఎన్ని పెట్టెలు అని. మనుషుల్ని సామానులా లెక్కపెట్టే మాట కాబట్టే రౌడీ నోట్లో అంత బాగా ఇమిడింది. గౌరవంగా చెప్పాల్సిన చోట వాడకండి. పెళ్ళిపిలుపులో 'మీ ఇంటి నుంచి ఎన్ని శాల్తీలు వస్తాయి' అంటే భోజనాల ముందే గొడవ.

నల్లకుంట:
నేను మళ్ళీ అరగుండు దగ్గరికే వస్తాను. వాడి శాపనార్థాలు చూడండి. తెలుగులో శపించడానికి మూడు దారులున్నాయి. గ్రంథభాషలో 'నాశనమగుగాక'. వాడుకలో ను చేర్చి 'నీ నోరు పడిపోను' వరస. దీంట్లోనే దీవెన కూడా ఉంది, 'నీ ఇల్లు బంగారం గాను', దాన్నీ తిట్టుగానే వాడతాం. మూడోది ఉత్త భవిష్యత్కాలం: 'పోతావు', 'నాశనమైపోతావు'. మొదటి రెండూ కోరికలు. మూడోది జోస్యం. జీతం రాని పనివాడికి కోరే హక్కు కూడా లేదు, అందుకని అది జరగబోతుందని చెప్పి ఊరుకుంటాడు. ఎదురుగా ఉన్నప్పుడు వంగిన నడుము, పక్కకి తిరిగాక మాటకి 'రా' చేరుతుంది. ఆ ఒక్క అక్షరం ఎంత మెల్లగా పలికితే అంత కసి. దాన్ని అరిచి చెప్పేవాళ్ళకి ఆ పాత్ర అర్థం కాలేదని నా గట్టి నమ్మకం.

ఉప్పల్:
'అదుర్స్' (2010) భట్టు గురించి ఎవరూ ఎత్తరేం? చదువుకున్న భాష వాడే పాత్ర అది ఒక్కటే కదా.

మలక్‌పేట:
నటన బాగుంటుంది. భాష సంగతి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. సినిమా పురోహితుడి తెలుగు ఎక్కడా ఎవరూ మాట్లాడని కలగూరగంప. నల్లకుంట శంకరమఠం దగ్గర నిలబడి వినండి, పురోహితులు ఫోన్లో మాట్లాడుకునేది మన తెలుగే. ఏమిటికి 'ఏవిటి', మామకి 'మావ' అనడం కోస్తాలో అన్ని ఇళ్ళలోనూ ఉంది, అది ఒక కులం సొత్తు కాదు. సినిమావాళ్ళు దానికి నాలుగు సంస్కృత పదాలు, సాగదీసిన 'ఓయ్' కలిపి ఒక యాస తయారుచేశారు. బ్రహ్మానందం దాంట్లో గెలిచింది యాస వల్ల కాదు. భయపడ్డప్పుడు కూడా శ, ష, స విడివిడిగా పలుకుతాడు, వత్తులు జారవు. మామూలు నటుడు భయం చూపించాలంటే మాట తడబడతాడు. ఈయన కాళ్ళు తడబడతాయి, మాట తడబడదు. తరగతి గదిలో పాఠం చెప్పిన నోరు అది.

ఆ పేరు కూడా తమాషాయే. పాత్ర పూర్తి పేరు భట్టాచార్య, అది బెంగాలీల ఇంటిపేరు. భట్టు అని కుదించగానే మన రామరాజభూషణుడికున్న భట్టుమూర్తి వరసలోకి వచ్చేసింది.

సనత్‌నగర్:
ఆ లెక్కన 'రంగమార్తాండ' (2023) కే వెయ్యాలి ఓటు. చక్రపాణి రంగస్థల నటుడు. నవ్వించడానికి వాడిన అవే వత్తులు, అవే విరామాలు అక్కడ ఏడిపించడానికి పనికొచ్చాయి.

నల్లకుంట:
హాస్యపాత్రలకే ఓటు. చక్రపాణిని పక్కన పెట్టండి, దానికి వేరే చర్చ కావాలి.

కూకట్‌పల్లి:
ఒక ప్రాక్టికల్ డౌటు. మీమ్‌ల మీద పేర్లు రాస్తుంటే మెక్‌డోవెల్ రావడం లేదు. క కింద డ ఒత్తు పడిపోయి 'మెక్డోవెల్' అవుతోంది.

ఉప్పల్:
పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కంటికి కనపడదు, పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపుతుంది. మ, ఎత్వం, క, పొల్లు, అది, తర్వాత డ. కీబోర్డులో ఆ మీట లేకపోతే సరిగ్గా రాసిన చోటి నుంచి ఒకసారి కాపీ చేసి, ఫోన్ పర్సనల్ డిక్షనరీలో షార్ట్‌కట్ పెట్టుకో. ఖాళీ వదిలి 'మెక్ డోవెల్' అని రాస్తే బొమ్మ మీద పంక్తి చివర మెక్ ఒకచోట, డోవెల్ కింద పడతాయి. ఇంకో చిక్కుంది. ఆ కనపడని గుర్తుతో రాసిందీ, లేకుండా రాసిందీ కంప్యూటరుకి రెండు వేర్వేరు మాటలు. పాత పోస్టులు వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టి చూడు.

కూకట్‌పల్లి:
వచ్చేసింది అన్నా. ఇంకొకటి, 'దూకుడు' (2011) లో పాత్ర పేరు పద్మశ్రీ. దాన్ని లెక్కలోకి తీసుకుంటారా? ఆయనకి 2009లోనే నిజం పద్మశ్రీ వచ్చింది కదా.

మలక్‌పేట:
బిరుదుని పేరు చెయ్యడం సరదాగానే ఉంది. కానీ తెలుగు చెవికి పద్మశ్రీ అంటే ఆడపేరు. సినిమా దాన్ని వాడుకున్నదానికంటే పేరే ఎక్కువ పని చేసింది. నా ఓటు దానికి వెయ్యను, లవంగానికే.

సనత్‌నగర్:
'రేసుగుర్రం' (2014) కిల్ బిల్ పాండే మిగిలాడు.

ఉప్పల్:
వాడు నా లెక్కకి పనికిరాడు. కిల్ బిల్‌ని ఇంటిపేరు కుర్చీలో కూర్చోబెట్టారు, బాగానే ఉంది. కానీ పాండే ఉత్తరాది వాళ్ళ ఇంటిపేరు. ముందొక ఇంటిపేరు, వెనకొక ఇంటిపేరు. ఆ పోలీసుకి అసలు పేరు పెట్టడం మర్చిపోయారు.