‘మక్‌హేలా’ని తెలుగులో ఏమనాలి?

మిత్రులకు నమస్కారం. వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మేముండేది న్యూజెర్సీలో. నాతో పనిచేసే ఒకావిడ యూదుల గాయక బృందంలో పాడుతుంది. ప్రతి మంగళవారం ఆఫీసు అయ్యాక నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ రిహార్సల్‌కి వెళ్తుంది. జ్వరం వచ్చినా మానదు. ఈ వేసవిలో వాళ్ల కచేరీ మా ఊరి లైబ్రరీలో జరగబోతోంది. చుట్టుపక్కల ఉండే రకరకాల భాషల వాళ్లకోసం చిన్న కరపత్రం వేస్తున్నారు. అందులో తెలుగు భాగం నాకు అప్పగించారు. మొదటి మాటే ‘మక్‌హేలా’. హీబ్రూలో గాయక బృందాన్ని అలా అంటారు. ‘బృందగానం’ అని రాసేసి ఊరుకుందును గానీ, ఆ మాట ఎలా పుట్టిందో ఆవిడ చెప్పాక చెయ్యి ఆడలేదు.

మనకు ధాతువులున్నట్టే హీబ్రూలో మూడు హల్లుల మూలాలుంటాయి. ఇక్కడి మూలం క-హ-ల. జనం పోగవటం అని దాని అర్థం. దాన్నుంచే ‘కహాల్’, కూడి వచ్చిన జనం. దాన్నుంచే ‘కెహిలా’, అంటే ఒక ఊళ్లోని యూదు సమాజం. ముందు ‘మ’ చేరితే మక్‌హేలా. బైబిల్లో 68వ కీర్తనలో ఈ మాట బహువచనంలో వస్తుంది. అక్కడ పాటగాళ్లని కాదు, జనం కూడిన సభలని అర్థం. మన తెలుగు బైబిల్లోనూ ‘సమాజములలో’ అనే ఉంది. ఆధునిక హీబ్రూ ఈ పాత మాటని తీసుకుని గాయక బృందానికి పెట్టుకుంది.

మన బృందగానం పాటకి పేరు, మక్‌హేలా మనుషులకి పేరు. నా చిక్కంతా అక్కడే. పాట కంటే ముందు మనుషులు వినిపించే మాట తెలుగులో ఏదైనా ఉందా?

*

తెనాలి నుంచి ఒక తెలుగు మాస్టారి జవాబు:

బాబూ, మంచి ప్రశ్న వేశావు. ‘మేళం’ ఉందిగా! మేళం అంటే మొదట కలయికే. సమ్మేళనం, మేళా, మేళవింపు అన్నీ ఆ ఇంటి బిడ్డలే. పదిమంది కలిసి వాయిస్తే మేళం అన్నాం. మీ హీబ్రూ మాట నడిచిన దారే ఇదీ నడిచింది.

ఇంకొకటి. తెలుగు బైబిల్లో ‘ప్రసంగి’ అని ఒక గ్రంథం ఉంది కదా, హీబ్రూలో దాని పేరు ‘కోహెలెత్’. అదీ ఈ క-హ-ల మూలమే. జనాన్ని పోగుచేసేవాడు అన్నమాట. అనువాదంలో పోగుచేయటం పోయి ప్రసంగం మిగిలింది. నీ కరపత్రంలో అలా జరగకుండా చూసుకో.

*

హైదరాబాద్ నుంచి ఇంకొకరు:

మాస్టారూ, వ్యుత్పత్తి మీరన్నట్టే ఉంది. కానీ ఈ రోజు మేళం అనగానే చెవిలో సన్నాయి, డోలు మోగుతాయి. వీళ్లది గొంతు పాట. నిష్ఠగా ఉండే సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) శనివారం, అంటే సబ్బాతు నాడు, వాద్యం ముట్టరు. అసలు వాద్యాలు మానటంలో ఒక దుఃఖం కూడా ఉంది. సా.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చారు, ఆ సంతాపానికి గుర్తుగా ప్రార్థనలో వాద్యాలు వదిలేశారు. అలాంటివాళ్ల పాటకి మేళం అని పేరు పెడితే నాకు మనసొప్పటం లేదు.

నేనైతే ‘సమాజగానం’ అంటాను. సినగాగుకి తెలుగు బైబిల్లో మాట ‘సమాజమందిరము’. బృందావనంలో వైష్ణవులు కలిసి కూర్చుని పాడే పద్ధతికి ‘సమాజ్ గాయన్’ అనే పేరు ఇప్పటికీ ఉంది. కాబట్టి ఇది కొత్తగా అతికించిన మాటేం కాదు.

*

మొదట అడిగిన నేనే మళ్లీ:

సమాజగానం బాగుంది, రాసి పెట్టుకున్నాను. ఆ దుఃఖం గురించి మీరన్నాక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను.

ఇటలీలో మాంటువా అనే ఊళ్లో సలామోనె రోస్సీ అని యూదు సంగీతకారుడుండేవాడు. అక్కడి ప్రభువుల కొలువులో వయొలిన్ వాయించేవాడు. చర్చిల్లో వినిపించే తరహా బహుస్వర సంగీతంలో, అంటే వేర్వేరు గొంతులు ఒకేసారి వేర్వేరు వరసలు పాడే పద్ధతిలో, హీబ్రూ కీర్తనలకి, ప్రార్థనలకి వరసలు కట్టి, 1622-23లో వెనిస్‌లో అచ్చు వేయించాడు. మొత్తం 33 రచనలు. మూడు గొంతుల నుంచి ఎనిమిది గొంతుల దాకా. ఆలయం పోయి ఏడుస్తున్నవాళ్లకి ఇంత సొగసైన పాట తగునా అని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. వెనిస్ రబ్బీ (యూదు మతగురువు) లియోన్ మోదేనా ఆయన పక్షాన నిలబడి ఆ పుస్తకంలోనే శాస్త్ర ప్రమాణాలతో సమాధానం రాశాడు.

మన గ్రూపు వాళ్లకి నచ్చే సంగతి అచ్చులో ఉంది. సంగీతలిపి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, హీబ్రూ కుడి నుంచి ఎడమకి. రెండూ ఒకే పేజీలో ఎలా ఇమడాలి? స్వరాలని వాటి దారిన ఎడమ నుంచి కుడికి పోనిచ్చి, కింద హీబ్రూ మాటల్ని మాత్రం కుడి నుంచి ఎడమకే ఉంచారు. పాడేవాడి కన్ను ఒకేసారి రెండు వైపులా నడవాలి. చుట్టూ ఉన్న ఊరి సంగీతం ఒక వైపు, తమ అక్షరం ఒక వైపు. ఆ పేజీ ఫోటో ఆవిడ నాకు చూపించినప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు మధ్య పిల్లల్ని పెంచుతున్నవాణ్ణి కదా, అందుకేనేమో.

1630లో సైన్యాలు మాంటువాని దోచుకున్నాయి, యూదుల వాడ చెదిరిపోయింది. ఆ పాటలు రెండు వందల ఏళ్లకి పైగా మూలన పడి, 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లో మళ్లీ అచ్చయ్యాయి. కూడి వచ్చే జనం లేకపోతే అంత గొప్ప సంగీతం కూడా కాగితం మీదే ఉండిపోతుంది.

*

విశాఖ నుంచి ఒక సంగీతం టీచరు:

అండీ, ఒక సందేహం. కూడి పాడితే ‘మనం ఫలానా వాళ్లం’ అనే భావం గట్టిపడుతుంది, నిజమే. కానీ అది తమ భాష పాట, తమ దేవుడి పాట అయినప్పుడే కదా? టెరెజిన్ నాజీ శిబిరంలో యూదులు పాడింది ఇటలీ సంగీతకారుడు వెర్ది కట్టిన ‘రెక్వియమ్’. అది చనిపోయినవాళ్లకోసం చేసే క్యాథలిక్ పూజ పాట, లాటిన్ భాష. దాన్ని మక్‌హేలా అనొచ్చా?

*

నా జవాబు:

అమ్మా, నిజానికి ఆ మాట అర్థం నాకు బాగా తెలిసింది అక్కడే.

రఫాయెల్ షెఖ్టర్ అనే సంగీత దర్శకుడు 1943-44లో ఆ శిబిరంలో సుమారు 150 మందితో ఆ పాట నేర్పించాడు. అందరికీ స్వరలిపి పుస్తకాలు లేవు. పగలంతా చాకిరీ చేసి, అర్ధాకలితో సాయంత్రం నేలమాళిగలో చేరి విని విని బట్టీపట్టారు. ఇంతలో ఒక రైలొచ్చి బృందంలో చాలామందిని నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌కి తీసుకుపోయేది. మిగిలినవాళ్లతో, కొత్తవాళ్లతో ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ వాళ్లు శిబిరం చూడ్డానికి వచ్చినప్పుడు కూడా పాడించారు. ఆ అక్టోబరులో షెఖ్టర్‌నీ ఆష్విట్జ్‌కి తరలించారు. ఆయన తిరిగి రాలేదు.

భాష లాటిన్ అయితేనేం, వరస వెర్దిది అయితేనేం? మనిషికో నంబరు తగిలించి విడదీస్తున్న చోట, తప్పిపోయిన గొంతుని పక్కవాడు వెతుక్కునేట్టు చేసిందది. ‘ఈ రోజు మన వరసలో ఫలానా ఆవిడ లేదే’ అని గుర్తించే నలుగురుంటే అదే కెహిలా. నా దృష్టిలో అంతకంటే పెద్ద మక్‌హేలా లేదు.

మీ మాటలోనూ సత్యం ఉంది. తమ భాష, తమ పాట అయితే ఆ బలం వేరు. 1899లో పోలండ్‌లోని లోడ్జ్ పట్టణంలో ‘హజొమిర్’ అనే యూదుల గాయక బృందం మొదలైంది. తర్వాత అదే పేరుతో, ‘జమీర్’ అనే ఉచ్చారణలో, అమెరికాలోనూ బృందాలు వచ్చాయి. న్యూయార్క్‌లో జమీర్ కొరాల్ 1960లో, బోస్టన్‌లో 1969లో. 1993లో హైస్కూలు పిల్లలకోసం ‘హజమీర్’ పెట్టారు. ‘జమీర్’ అంటే ఇప్పటి హీబ్రూలో నైటింగేల్ పిట్ట. పరమగీతము రెండో అధ్యాయంలోది ఆ మాట. తెలుగు బైబిల్లో ‘పిట్టలు కోలాహలము చేయు కాలము వచ్చెను’ అని ఉంది చూడండి, ఆ కోలాహలమే జమీర్. ఒక్క పిట్ట కాకుండా పిట్టల గుంపు వినిపించేలా రాసిన ఆ పాత అనువాదకుడికి దండం పెట్టాలి.

*

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు:

అన్నగారూ, మా చర్చిలో ఇరవై ఏళ్లుగా క్వయర్‌లో పాడుతున్నాను. మేం రాసేటప్పుడు గాయక బృందం అంటాం, మాట్లాడేటప్పుడు క్వయర్ అంటాం. సమాజగానం అంటే మా అమ్మకి అర్థం కాదు. కానీ మాకు రోజూ నోట్లో నానే మాట ఒకటుంది. ‘కూడిక’. బుధవారం కూడిక, స్త్రీల కూడిక, ఉపవాస కూడిక. కూడు, కూడిక, కూటం, కూటమి, కూడలి. మీ క-హ-ల చేసే పని మన ‘కూడు’ చెయ్యట్లేదా? కెహిలా కూడిక అయితే, మక్‌హేలా కూడి పాడటం.

మా జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, యూదు ఆచారం పాటిస్తారు, సినగాగు కట్టుకున్నారు. మీ కరపత్రం వాళ్ల చేతికి వెళ్లినా తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలి.

*

తెనాలి మాస్టారు:

అమ్మాయి చెప్పింది ఖాయం చెయ్యి. నా మేళం వెనక్కి తీసుకుంటున్నాను. 133వ కీర్తన కూడా వేస్తే నిండుగా ఉంటుంది.

*

చివరిగా నేను:

మాస్టారూ, ఆ కీర్తన వాళ్ల కార్యక్రమంలోనే ఉంది. ‘హినే మా తోవ్’ అని మొదలవుతుంది. ఒక వరస వాళ్లు ఎత్తుకున్నాక రెండో వరస వెనక నుంచి అందుకుంటుంది, పాట తిరుగుతూనే ఉంటుంది. పక్కన మన తెలుగు వేశాను: ‘సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు! ఎంత మనోహరము!’

పైన పెద్ద అక్షరాల్లో ‘మక్‌హేలా’, దాని కింద ‘కూడి పాడేవాళ్లు’. నిన్న సాయంత్రం ఆవిడకి చదివి వినిపించాను. ‘కూడి’ని రెండుసార్లు పలికించుకుంది. సమాజానికీ మీకు ఇదే మాటా అని అడిగింది. కూడిక గురించి చెప్పాను. కాగితం తీసుకుని ఆ రెండు మాటలూ హీబ్రూ అక్షరాల్లో రాసుకుంది, మంగళవారం రిహార్సల్‌లో అందరికీ చెబుతానంది.