రహదారి మధ్యలో కారు ఆగిపోతే దిగాలా, లోపలే కూర్చోవాలా?

ప్రశ్న: అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లవలసి ఉంది. కారు పాతది. లారీల మధ్య ఇంజిను ఆగిపోతే పెద్దవాళ్లను వెంటనే దించాలా, లోపలే కూర్చోబెట్టాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: ముందుగా, కారు కదులుతుండగా తాళంచెవి తీయకండి, స్టీరింగు బిగుసుకుపోవచ్చు. ఇంజిను ఆగాక బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగా పనిచేసి ఆపై గట్టిపడుతుంది కనుక, పదే పదే తొక్కకుండా, మిగిలిన వేగంతోనే ఎడమ అంచుకు చేర్చి నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి.

రెండవ జవాబు: అంచుకు చేరాక లోపల కూర్చోవద్దండి. అందరూ ఎడమ తలుపుల నుంచే దిగి రెయిలింగు అవతలికి వెళ్లాలి. వెనుక నుంచి లారీ గుద్దితే కారు ముందుకే దూసుకువస్తుంది కాబట్టి దాని ముందు నిలబడకూడదు. వీలుంటే వెనుక వచ్చే బండ్లను హెచ్చరించే ఎర్ర త్రికోణం బోర్డును కనీసం 50 మీటర్ల వెనుక పెట్టండి. రాళ్లూ కొమ్మలూ అడ్డం పెట్టి, బండి బాగయ్యాక అక్కడే వదిలిపోయే మన అలవాటు మరో ప్రమాదానికి దారి తీస్తుంది. జాతీయ రహదారి సహాయానికి 1033కు ఫోన్ చేయవచ్చు.

మూడవ జవాబు: పై సలహాకు ఒక మినహాయింపు ఉంది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వంటి ఇరుకైన వంతెన మీద, పక్కన నిలబడే చోటు లేనప్పుడు, వాహనాల మధ్యకు దిగడం కంటే సీటుబెల్టు పెట్టుకుని లోపలే ఉండి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయడం మేలు.