చలికాలంలో హమ్మింగ్‌బర్డ్ ఫీడర్‌ను తీసేయాలా, ఉంచాలా?

బెల్లెవ్యూ (అమెరికాలో సియాటిల్ పక్క ఊరు) నుంచి:
డిసెంబరు వచ్చినా మా పెరట్లో పిట్టల కోసం పంచదార నీళ్లు పోసి వేలాడదీసిన ఫీడర్ దగ్గరికి అన్నాస్ జాతి హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట ఒకటి రోజూ వస్తోంది. పంచదార నీళ్లు దొరుకుతున్నంత కాలం అది వలస వెళ్లదని, చివరకు చలికి చచ్చిపోతుందని, కాబట్టి ఫీడర్ తీసేయమని పక్కింటివారు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సియాటిల్ నుంచి:
తీసేయవద్దండి. వలస వెళ్లేది రూఫస్ అనే మరో జాతి హమ్మింగ్‌బర్డ్. పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి అది మెక్సికో వైపు బయలుదేరుతుందే తప్ప, మన ఫీడర్ దాన్ని ఆపలేదు. అన్నాస్ సంగతి వేరు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దక్షిణ కాలిఫోర్నియాలోను, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉత్తర భాగంలోను మాత్రమే గూళ్లు కట్టిన ఈ పిట్ట, తోటల్లో నాటిన పరదేశపు పూలమొక్కలను, ఫీడర్లను ఆసరా చేసుకుని తీరం వెంబడే ఉత్తరానికి వచ్చి, 1964లో సియాటిల్‌లో కనిపించి, ఇప్పుడు ఏడాది పొడవునా ఇక్కడే ఉంటోంది. మీ పెరట్లోది దారి తప్పిన బాటసారి కాదు, ఈ ఊరి పిట్టే.

దాని బరువు సుమారు 4 గ్రాములు. చలి రాత్రుల్లో ఒంటి వేడిని, గుండె వేగాన్ని బాగా తగ్గించుకుని మొద్దునిద్రలోకి జారుకుంటుంది కనుక, తెల్లవారగానే దానికి ఆహారం అందాలి. 2022 డిసెంబరులో గడ్డకట్టే వాన కురిసిన రోజు, గడ్డకట్టిన ఫీడర్‌ను నేను లోపలికి తెచ్చి వేరేది తీసుకెళ్లేసరికి, మా పెరటి అన్నాస్ పిట్ట ఖాళీ కొక్కెం ముందు గాలిలో నిలబడి ఉంది. తగిలించి నేను చెయ్యి తీయకముందే ముక్కు పెట్టి తాగింది. తల తిప్పినప్పుడల్లా నల్లగా ఉన్న గొంతు గులాబీ రంగులో భగ్గుమంది. ఆ ఉదయం తర్వాత ఫీడర్ తీసేయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

రెడ్మండ్ నుంచి:
వలస గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ పిల్లల సెలవులకని సరిగ్గా డిసెంబరులోనే మనలో చాలామంది ఇండియాకు వెళ్తాం. మూడు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్లేవారు, చలి ముదిరే వేళకు అలవాటు చేసిన తిండిని ఉన్నట్టుండి ఆపేయడం న్యాయమా? బూజు పట్టిన ఫీడర్ కన్నా అసలు లేకపోవడమే మేలు.

సియాటిల్ నుంచి:
మీ మాటలో న్యాయం ఉంది. ఈ పిట్ట పురుగులను, సాలీళ్లను కూడా తింటుంది, పలు తోటలు తిరుగుతుంది. అందువల్ల మామూలు రోజుల్లో ఒక్క ఫీడర్ లేకపోయినంత మాత్రాన ఆకలితో చావదు. గడ్డకట్టే వారంలో మాత్రం అలా అనుకుని ఊరుకోలేం. ఊరెళ్లేవారు ఇంటి తాళంతోపాటు ఫీడర్‌ను కూడా పొరుగువారికి అప్పగించాలి. అది కుదరనివారు చలికాలంలో పూసే మహోనియా పొదను నాటుకోవడం మంచిది.

బెల్లెవ్యూవారు ఒక పాలు తెల్ల పంచదారకు నాలుగు పాళ్లు నీళ్లు కలపండి. తేనె, బెల్లం, రంగు వద్దు. ఈ పంచదార నీళ్లు సుమారు మైనస్ 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది కాబట్టి రెండో ఫీడర్‌ను ఇంట్లో సిద్ధంగా ఉంచుకుని, వెలుగు రాకముందే మార్చండి.