మొండి ఫోన్‌ని యాక్సెస్ పాయింట్ తోసెయ్యాలా, దాని మానాన వదిలెయ్యాలా?

మేడగది:
కిందొక యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె), మేడ మీద ఒకటి, రెండింటికీ కేబుల్ వేశాం. పేరు, పాస్‌వర్డ్ ఒకటే. మేడెక్కి పై పాయింట్ కిందే కూర్చున్నా ఫోన్ కింది దాన్ని వదలదు. సిగ్నల్ మైనస్ 68 చూపిస్తోంది (డెసిబెల్ లెక్క, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం), పేజీలు మాత్రం ఈడుస్తున్నాయి. వైఫై ఆపి మళ్లీ వేస్తే చటుక్కున పైదానికి వెళ్తుంది. సెట్టింగుల్లో 'కనీస సిగ్నల్' అని ఒకటి కనబడింది. అంతకంటే తగ్గిన పరికరాన్ని పాయింటే తెంచేస్తుందట. పెట్టెయ్యమంటారా?

డెసిబెల్_దొర:
నిక్షేపంగా పెట్టండి. కింది పాయింట్‌లో మైనస్ 65 దగ్గర. దూరం నుంచి నత్తనడకన మాట్లాడే ఫోన్ తనొక్కటే నష్టపోదు. ఒక ఛానల్లో ఒకసారి ఒకరే మాట్లాడాలి కాబట్టి, అది ముగించేదాకా మిగతావన్నీ నోరు మూసుకుని కూర్చోవాలి. ఒక్క ఫోన్ మొండితనానికి ఇంటిల్లిపాదీ ఎందుకు బలి?

తీగలాగు:
దొరగారూ, 65 దగ్గర కోస్తే కింది గదుల్లో మూలనున్న పరికరాలు కూడా ఎగిరిపోతాయి, చూసుకోండి. వైఫైలో ఏ పాయింట్‌కి వెళ్లాలో తేల్చుకునేది పరికరమే. ఐఫోన్ సంగతి ఆపిల్ వాళ్లే రాసి పెట్టారు: సిగ్నల్ మైనస్ 70 దాటి పడిపోతేనే వేరే పాయింట్ కోసం వెతుకుతుంది. వెతికినా, డేటా నడుస్తుంటే కొత్తది 8 డెసిబెల్స్ మెరుగ్గా ఉండాలి, ఖాళీగా ఉంటే 12. మేడగది గారి ఫోన్‌లో కూడా ఇలాంటి గీతే ఉంటే, 68 దగ్గర దాని లెక్కలో అంతా బాగానే ఉంది, ఇంకా వెతకడమే మొదలుపెట్టలేదు.

తెంచడం కాదు, కింది పాయింట్ పవర్ తగ్గించండి. 6 డెసిబెల్స్ తగ్గిస్తే పవర్ నాలుగో వంతవుతుంది. మేడ మీద 68 కాస్తా 74 అవుతుంది, ఫోన్ తనంతట తనే కదులుతుంది. ఎలాగూ మామూలుగా పాయింట్ కంటే ఫోన్ గొంతు చిన్నది. పాయింట్ అరుపు ఫోన్‌కి వినబడుతుంది, ఫోన్ జవాబే పాయింట్ దాకా సరిగ్గా చేరదు.

డెసిబెల్_దొర:
పవర్ తగ్గిస్తే ఆ మూలగదులకే దెబ్బ కదండీ. మీరు నాకు చెప్పిందే మీకూ వర్తిస్తుంది.

తీగలాగు:
నెమ్మదిస్తాయి, తెగిపోవు. తేడా అక్కడే ఉంది. మీ పద్ధతిలో మూలనున్న స్మార్ట్ ప్లగ్ తెగుతుంది, వెళ్లడానికి ఇంకో పాయింట్ అందదు, మళ్లీ అక్కడికే వస్తుంది, మళ్లీ తెగుతుంది. పాయింట్ లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరిస్తే రాత్రంతా అదే వరస. కొన్ని ఫోన్లయితే విసిగి మొబైల్ డేటాకి పోతాయి.

కె_వి_ఆర్:
ఇద్దరూ పాతకాలపు మందులే రాస్తున్నారు. పాయింట్లు మారడానికి సాయపడే వైఫై ప్రమాణాలు మూడున్నాయి: 802.11కె చుట్టుపక్కల పాయింట్ల జాబితా ఫోన్‌కి ఇస్తుంది, 802.11వి 'అటు వెళ్లు' అని సూచిస్తుంది, 802.11ఆర్ మారేటప్పుడు పట్టే సమయాన్ని తగ్గిస్తుంది. మూడూ ఆన్ చెయ్యండి, సరిపోతుంది.

తీగలాగు:
కె, వి సరే. వి చెప్పేది మాత్రం విన్నపమే, ఫోన్ కాదనొచ్చు. ఆర్ విషయంలో జాగ్రత్త, దాన్ని ఆన్ చెయ్యగానే కొన్ని పాత ప్రింటర్లు అసలు కనెక్టే కావు. అది వేగంగా మారుస్తుందే తప్ప, ఎప్పుడు మారాలో చెప్పదు. ఇక్కడి గొడవ ఎప్పుడన్నదే.

డెసిబెల్_దొర:
అందుకే అంటున్నా, విన్నపాలతో పని కాదని.

మేడగది:
పవర్ 6 తగ్గించి చూశాను. ఇప్పుడు మెట్ల మలుపు దాటి పైకి రాగానే ఫోన్ మారిపోతోంది. ఇంటెల్ కార్డున్న లాప్‌టాప్ కదల్లేదు గానీ, దాని డ్రైవర్ సెట్టింగుల్లో 'రోమింగ్ అగ్రెసివ్‌నెస్' (వేరే పాయింట్ కోసం ఎంత చురుగ్గా వెతకాలన్నది) ఒక మెట్టు పెంచితే అదీ దారికొచ్చింది. మిగిలింది పాత టాబ్లెట్. మైనస్ 80 చూపిస్తున్నా కింది దాన్నే పట్టుకుని వేలాడుతోంది.

డెసిబెల్_దొర:
చూశారా! దానికి నా మందే.

తీగలాగు:
ఆ ఒక్కదానికి సరే, అదీ 65 దగ్గర కాదు, 78 దగ్గర. ముందు ఆ మూల ప్లగ్ సిగ్నల్ ఎంతుందో చూసి పెట్టండి. అదీ 78 చుట్టుపక్కలే ఉంటే తెంచే పని మానేసి, టాబ్లెట్‌ని పై పాయింట్‌కే కట్టేసే సౌకర్యం మీ సెట్టింగుల్లో ఉందేమో వెతకండి.