ఉగాది విందు: ఫో కోసం ఎండు సరుకులు ఎలా ఎంచుదాం?

కొనుగోళ్ల బాధ్యుడు

అందరికీ నమస్కారం. పులిహోర, బొబ్బట్లు, ఉగాది పచ్చడి సంగతి వేరే టీమ్ చూసుకుంటోంది. ఇక్కడ మాట్లాడేది మన హో చి మిన్ సిటీ పొరుగువాళ్ళ కోసం పెడుతున్న ఫో గురించి మాత్రమే. ఫో అంటే వేడి మసాలా రసంలో (సూప్‌లో) బియ్యపు నూడుల్స్ వేసి ఇచ్చే వియత్నాం వంటకం. 120 మందికి, చిన్న గిన్నెల్లో, పూర్తి శాకాహారం.

శాకాహారమే ఎందుకని ఇద్దరు అడిగారు. ఇక్కడ చాలామంది చాంద్రమాసంలో 1వ తేదీ, 15వ తేదీ మాంసం ముట్టరు. మన చైత్ర శుద్ధ పాడ్యమి ఒక్కో ఏడాది సరిగ్గా వాళ్ళ 1వ తేదీ నాడే పడుతుంది, ఒక్కో ఏడాది దాని మర్నాడు. పిలిచిన వాళ్ళకి ఇబ్బంది లేకుండా ఉంటుంది, మనకీ పండగ పూట ఇబ్బంది ఉండదు.

సరుకులకి ఇక్కడి చైనీయుల పేట చోలాన్‌లోని బిన్ తై బజారుకి వెళ్దామనుకుంటున్నాను. ఎండు సరుకుల హోల్‌సేల్ అంతా అక్కడే. ఒక్కటే షరతు, ఈసారి రంగు చూసి కొనొద్దు. పోయినసారి నేను చేసిన తప్పు అదే. సంక్రాంతి కార్యక్రమానికి ఎండు వెదురు కొమ్ములు తెచ్చాను. పసుపచ్చగా, చూడముచ్చటగా ఉన్నాయి. పక్కనే గోధుమరంగులో, వంకరటింకరగా ఉన్న రకం చూసి పాతవనుకున్నాను. ఇంటికొచ్చి నానబెడితే వంటగదంతా కాలిన అగ్గిపుల్ల వాసన. గంధకం పొగ పెట్టిన సరుకు. మూడుసార్లు ఉడికించి నీళ్ళు పారబోసినా ఆ ఘాటు పోలేదు. చివరికి మూడు కిలోలూ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. పక్కింటి పెద్దావిడ సంచి మూతి విప్పి ఒక్కసారి వాసన చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. కొట్లో నేను ఆ పనే చేసి ఉంటే సరిపోయేది.

వంట టీమ్

అన్నా, అసలు ఫోలో వెదురు కొమ్ములు వద్దు. మంచి రకమైనా ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి, తర్వాత మూత తీసి రెండు మూడు సార్లు ఉడికించాలి. 120 మందికి ఆ పని ఎవరు చేస్తారు? అరకు వైపు వాళ్ళకి పచ్చి కొమ్ములతో కూర చేయడం చేతిలో పనేమో గానీ ఎండువాటితో మనకి అనుభవం లేదు.

నాకు కావాల్సినవి రాస్తున్నాను. రసం 30 లీటర్లు. అనాస పువ్వు 50 గ్రాములు చాలు. దాల్చిన చెక్క అరచేతి పొడవువి ఆరు. పెద్ద యాలకులు ఆరు. ఎండు ఫో నూడుల్స్ 6 కిలోలు. ఎండు షిటాకె పుట్టగొడుగులు కిలో. చెవి పుట్టగొడుగు పావు కిలో. సోయా మీగడ రేకులు (సోయా పాల మీద కట్టే మీగడని ఎండబెట్టినవి) కిలోన్నర.

మసాలా తక్కువగా ఉందని ఎవరూ చెయ్యి చేసుకోవద్దు, దండం పెడతాను. ఇది బిర్యానీ కాదు. అనాస పువ్వు నాలుగు ఎక్కువైతే రసం దగ్గు మందులా అయిపోతుంది.

కొత్త వాలంటీర్

అక్కా, నేను మొన్నే గుంటూరు నుంచి వచ్చాను. మసాలాలన్నీ అమ్మ సర్ది పంపింది. అవే వాడేయొచ్చు కదా?

వంట టీమ్

ధనియాలు, లవంగాలు తెచ్చెయ్ తమ్ముడూ. అనాస పువ్వు అయితే నవ్వొస్తోంది. మన దేశంలో వాడే దాంట్లో చాలా భాగం ఇక్కడి లాంగ్ సన్ కొండల నుంచే వెళ్తుంది. ఇక్కడ పండింది గుంటూరు వెళ్ళి, అమ్మ డబ్బాలో కూర్చుని మళ్ళీ ఇక్కడికే వచ్చింది. వాసన తగ్గకపోతే వాడదాం. ఒక రెక్క విరిచి చూడు, విరిచిన చోట వాసన గుప్పున కొట్టాలి. రెక్కలు ఎనిమిది నిండుగా, ఎర్రటి గోధుమ రంగులో ఉండి, లోపల గింజ నిగనిగలాడితే మంచిది. ముక్కలు, కాడలు, దుమ్ము కలిసిన సంచి చవగ్గా వస్తుంది గానీ మనకొద్దు.

యాలకులు మాత్రం ఇక్కడివే కొనాలి. మన నల్ల యాలకుల కంటే ఇక్కడివి బాగా పెద్దవి, రకం కూడా వేరు. ఉత్తరాన లావ్ కాయ్, హా జాంగ్ వైపు పండించి నిప్పుల సెగ మీద ఆరబెడతారు. అందుకే పొగ వాసన ఉంటుంది, అది దోషం కాదు. కాయ పగలకూడదు, ఊపితే డొల్లగా మోగకూడదు.

కొనుగోళ్ల బాధ్యుడు

దాల్చిన చెక్క సంగతి నేను చెప్తాను, దాని మీద కాస్త చదివాను. ఇక్కడ యెన్ బాయ్, ఒకప్పటి క్వాంగ్ నామ్‌లోని చా మీ పేర్లు చెప్పి అమ్ముతారు. బెరడు మందంగా ఉండాలి. లోపలి వైపు గోటితో గీస్తే గీత ముదురు రంగులోకి తిరిగి, వేలికి నూనె వాసన అంటాలి. చిన్న ముక్క నమిలితే ముందు తీపి, వెనకే మంట. ఉత్త చెక్క రుచి వస్తే అది ఏళ్ళ తరబడి మూలన పడున్న సరుకు.

శాకాహార పర్యవేక్షణ

నాది ఒకే మాట. ప్యాకెట్ మీద ‘చాయ్’ అని లేకుండా ఏదీ కొనకండి. ఇక్కడ చాయ్ అంటే టీ కాదండీ, శాకాహారం. పోయిన ఏడాది ఒక వాలంటీర్ ఆ పదం చూసి టీ పొడి అనుకుని పక్కన పెట్టేశాడు. ముఖ్యంగా రుచి పొడులు. ప్యాకెట్ మీద పుట్టగొడుగు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల మాంసం సారం లేదని కాదు, వెనక పదార్థాల జాబితా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఎండు రొయ్యలు, ఎండు చేపలు పోసిన గంపల పక్కనే మన పుట్టగొడుగులు పోసే కొట్లు కూడా వద్దు.

ఇంకో సంగతి. నియమంగా చాయ్ తినే బౌద్ధులు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. కాబట్టి కాల్చిన ఉల్లిపాయ మానేసి కాల్చిన అల్లం, ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న కంకులతో రసం కాద్దాం.

వంట టీమ్

సరే గారూ. అలా అయితే రసం బలమంతా షిటాకె మీదే ఉంటుంది, దాని దగ్గర పిసినారితనం చూపించొద్దు. గొడుగు మందంగా, అంచులు లోపలికి ముడుచుకుని, కింద మడతలు లేత మీగడ రంగులో ఉండాలి. మడతలు నల్లబడితే పాతవి. వేలితో నొక్కితే మెత్తగా ఉంటే చెమ్మ ఎక్కిందని, నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. నానబెట్టిన నీళ్ళు పారబోయకండి, వడగట్టి రసంలో పోస్తాను.

చెవి పుట్టగొడుగుని ఇక్కడ నమ్ మెవ్ అంటారు, పిల్లి పుట్టగొడుగు అన్నమాట. పైన నలుపు, అడుగున మాసిన బూడిద రంగు ఉండాలి. రెండు వైపులా నల్లగా మెరిసేది కొనొద్దు. దీన్ని మాత్రం వండే పూటే, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితే చాలు. రాత్రంతా బయట నానబెట్టి వదిలేస్తే ఈ ఉక్కలో హానికరమైన క్రిములు పెరుగుతాయి, మళ్ళీ ఉడికించినా ఆ విషం పోకపోవచ్చు. నానబెట్టే వాళ్ళెవరో పేరు ముందే చెప్పండి, నేను ఫోన్ చేసి లేపుతాను.

సోయా రేకులకి ముక్కే గురువు. వాటిలో నూనె ఎక్కువ, నిలవ ఉంటే పాత నూనె వాసన కొడతాయి. నూడుల్స్‌కి పెద్ద కథేం లేదు, బియ్యప్పిండి తప్ప ఎక్కువేమీ కలపని రకం తీసుకోండి.

ఖజానా

బజారులో రసీదు అడిగితే చాలామంది ఇవ్వరు. కాగితం మీద చేత్తో రాయించుకుని ఫోటో పంపండి, అదే లెక్క. ముందు ప్రతి సరుకూ వంద గ్రాములే కొనండి. మూడు కిలోల వెదురు కొమ్ముల లెక్క ఇంకా నా ఎక్సెల్ షీట్‌లో ఎర్రగా ఉంది.

కొనుగోళ్ల బాధ్యుడు

ఒప్పుకున్నానుగా గారూ, వదిలెయ్యండి. ఈ శనివారం పొద్దున 7కి నమూనాలు తెస్తాను, పక్కింటి పెద్దావిడ కూడా వస్తానన్నారు. సాయంత్రం అక్క ఇంట్లో ఐదు లీటర్లు కాచి చూద్దాం. బైకు మీద చోటు లేదు, కారున్న వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

కొత్త వాలంటీర్

నా దగ్గర కారు లేదు అన్నా, కానీ నేనొస్తాను. అమ్మ పంపిన అనాస పువ్వు కూడా తెస్తాను, పక్కపక్కన పెట్టి వాసన చూద్దాం.